నర్సమ్మ గారి ఆదివారం ఫోటో

గురువారం పొద్దున తణుకులో నేను పనిచేసే సెల్‌ఫోన్ షాపులో ఎవరిదో ఫోన్‌కి డిస్‌ప్లే మారుస్తున్నాను. మా వీధి గ్రూపులో మెసేజ్ వచ్చింది, నర్సమ్మ గారు పోయారని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. చేతిలోంచి జారిన స్క్రూ వెతికే వంకతో టేబుల్ కింద చాలాసేపు కూర్చుండిపోయాను.

ఆవిడది మా పక్కిల్లే. పెళ్ళి చేసుకోలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ముప్ఫై ఏళ్ళకి పైగా పిల్లలకి టీకాలు వేశారు. ఇది చదివే మీలో కొందరి భుజం మీద మచ్చ ఆవిడ వేసిందే అయ్యుంటుంది. నాదీ అంతే. రిటైరయ్యాక, టీకా మందు మోసిన నీలం ఐస్ బాక్సులోనే కెమెరా పెట్టుకుని కాలవ గట్ల మీద పిట్టల కోసం తిరిగేవారు. ఆ పెట్టె కనబడితే చాలు, పిల్లలు ఇళ్ళలోకి పరుగు. "పారిపోకండ్రా, ఇవాళ పిట్టలకే" అనేవారు.

కెమెరా కార్డు తెరుచుకోవట్లేదని ఒకరోజు షాపుకి తెచ్చారు. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నేను అప్పటికి మూడు పనులు మారాను. కార్డు బాగుచేసి చూస్తే, రెక్క విప్పిన పాలపిట్ట, చేప కరుచుకున్న లకుముకి పిట్ట, మెడ చుట్టూ గులాబి గీతతో రామచిలకలు. మన కాలవ మీద ఇన్ని రంగులున్నాయని నాకు తెలీదు. ఆ ఆదివారం నుంచి ఆవిడ వెనకాల తిరగడం మొదలుపెట్టాను.

నాకు ఒకచోట కాలు నిలవదు. గట్టు మీద ఐదు నిమిషాలకి లేచేవాణ్ణి, పిట్ట ఎగిరిపోయేది. ఆవిడ విసుక్కునేవారు కాదు. "ముందు కూర్చోవడం రావాలబ్బాయ్. ఫోటోదేముంది, నొక్కితే వస్తుంది" అనేవారు. నొక్కేముందు ఊపిరి బిగబట్టమనేవారు. ఏడ్చే పిల్లకి సూది వేసేటప్పుడు తనూ అలాగే చేసేవారట. ఎవరింట్లోనన్నా పంజరంలో చిలక కనబడితే ఆ ఇల్లాల్ని నవ్వుతూనే అడిగేవారు, "దీనికేం జబ్బు చేసిందమ్మా, మంచాన పడేశారు?" అని.

నీళ్ళు ఆపే లాకు దాటాక కాలవ పక్క చేలో తల పోయిన తాటిమోడు ఒకటి ఉండేది. అందులో తొర్ర, తొర్రలో చిలకల గూడు. పోయినేడాది ఫిబ్రవరిలో నాలుగు పిల్లలు పైకొచ్చి తొంగి చూసేవి. ఆవిడ దూరం నుంచి తీసేవారు, ఎవరికీ చూపించేవారు కాదు. ఎందుకని నేను అడగలేదు. అడగాల్సింది. ఒకరోజు ఆవిడ లేనప్పుడు వెళ్ళి ఫోన్‌తో వీడియో తీశాను. ఊరి పేరు, లాకు, అన్నీ నా గొంతుతోనే చెప్పి పోస్టు చేశాను. రెండ్రోజుల్లో నా జన్మలో రానన్ని లైకులొచ్చాయి.

ఆ వారంలోనే ఎవరో వచ్చి తొర్రని గొడ్డలితో వెడల్పు చేసి పిల్లల్ని పట్టుకుపోయారు. నేనూ ఆవిడా వెళ్ళేసరికి కింద చెక్కపేళ్ళు, రెండు పచ్చ ఈకలు. తల్లీ తండ్రీ మోడు చుట్టూ అరుస్తూ తిరుగుతున్నాయి. వీడియో సంగతి నేనే చెప్పాను. ఆవిడ పెట్టె మూత తియ్యలేదు.

"ఎంతమంది చూశారు?" అన్నారు.

"పదివేలు దాటారండి."

"ఊఁ. అందులో ఇద్దరు వచ్చారన్నమాట."

తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

వచ్చే ఆదివారం నన్ను పిలవరనుకున్నాను. చర్చి అయ్యాక మా గుమ్మం ముందుకొచ్చి "రావట్లేదా?" అన్నారు. వెళ్ళి, ఆ ఖాళీ తొర్రని ఫోటో తీశారు. ఆ పై వారం కూడా తీశారు. అలా ప్రతి ఆదివారం. అందులో ఏముందని తీస్తున్నారండీ అని ఉండబట్టలేక అడిగాను. "నా ఉద్యోగంలో సగం ఇదే అబ్బాయ్. ఇంటింటికీ వెళ్ళి, ఈ ఇంట్లో జ్వరాలు లేవు అని రాసుకోవాలి. ఏమీ లేదని రాయాలన్నా వెళ్ళి చూడాలి కదా. ఇంట్లో కూర్చుని రాస్తే అది అబద్ధం" అన్నారు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఒక జంట వచ్చింది. ఆడచిలక తొర్ర అంచున వాలి, తల లోపలికి పెట్టి చూసింది. గొడ్డలి పడ్డ చోట తొర్ర మరీ వెడల్పు. ఎగిరిపోయింది. ఆవిడ ఊపిరి బిగబట్టి అది కూడా తీశారు.

మే నెలలో ఆవిడ మంచాన పడ్డారు. కడుపులో రాచపుండు, కోసినా లాభం లేదన్నారు. ఆవిడ అక్క కూతురొచ్చి చూసుకునేది. ఆదివారం ఫోటో నన్ను తెమ్మన్నారు. మూడు వారాలు తెచ్చాను. నాలుగో వారం వెళ్ళేసరికి మోడు లేదు. నాట్లకి అడ్డమని రైతు కొట్టించేశాడు. నేల మీద మొద్దు ఒక్కటే ఉంది. ఆయన తప్పేముంది, ఆయన చేను. దుంగ ఏమైందో కూడా చూడకుండా వెనక్కొచ్చేశాను.

ఆవిడకి ముందు వారం ఫోటోనే చూపించాను. ఆ మనిషి ఉన్న స్థితిలో మోడు పడిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తర్వాతి వారం అదే ఫోటో. ఆ తర్వాతా అదే. మూడోసారి ఆవిడ ఫోన్ తీసుకుని, రెండు వేళ్ళతో పెద్దది చేసి చూశారు. మోడుకి అల్లుకున్న తిప్పతీగ దగ్గర వేలు ఆపారు.

"మూడు వారాలుగా అక్కడ గాలే లేదేంటబ్బాయ్? ఈ ఆకు కదల్లేదు."

"లేదండి" అన్నాను.

ఫోన్ నా చేతిలో పెట్టేశారు. కళ్ళు మూసుకున్నారు. పడుకున్నారేమో అని లేవబోతుంటే అన్నారు, "వచ్చే వారం నిజంగా వెళ్ళు. ఏముంటే అది తీసుకురా."

నేను ఆ ఆదివారం కూడా వెళ్ళలేదు. షాపులో పనుందని కబురు పెట్టాను. పని లేదు. గురువారం ఆవిడ పోయారు.

శుక్రవారం సమాధుల తోటలో వానలోనే మట్టి చేశాం. అందరూ వెళ్ళాక అక్క కూతురు ఆ నీలం పెట్టె తెచ్చి నాకిచ్చింది. పిన్ని ఇమ్మని చెప్పారంది. ఇంకేమన్నా అన్నారా అని అడిగాను. ఏమీ అనలేదంది.

మొన్న ఆదివారం పెట్టె తీసుకుని వెళ్ళాను. ఈసారి మొద్దు దగ్గర ఆగకుండా చేలగట్టు వెంట ముందుకి నడిచాను. తాటిదుంగ అక్కడే ఉంది. మనుషులు దాటడానికి పంటబోదె కాలవ మీద అడ్డంగా వేశారు. తొర్ర ఆకాశం వైపు తిరిగి ఉంది. దాని నిండా వాన నీళ్ళు. గొడ్డలి గాట్లు నీళ్ళలోంచి కనబడుతున్నాయి.

కెమెరా తీసి, ఊపిరి బిగబట్టి, నొక్కాను. అప్పుడే నారు కట్ట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ వచ్చి "కాస్త జరుగు బాబూ" అంది. జరిగాను. ఆవిడ తొర్ర మీంచి కాలు చాచి దాటుకుని పోయింది. దుంగ కాసేపు ఊగింది. లోపలి నీళ్ళు చెదిరాయి. అవి మళ్ళీ కదలకుండా నిలిచేదాకా గట్టు మీద కూర్చున్నాను.