పౌడర్ పూసుకున్న దేవకన్య

మా మదనపల్లె ఇంట్లో ఇప్పుడు గుప్పుమని పౌడర్ వాసన. నీ అవ్వ చిన్నప్పటి కథ రాసుకుంటానన్నావు కదా, ముందు అదే రాసుకో తల్లీ. టీవీలో రెక్కల కన్యలు పాడుతూ ఎగిరే బొమ్మల సినిమా చూసి, అందులో దేవకన్య బురదగుంట భూతాన్ని ప్రేమించిందని మురిసిపోయి, నువ్వూ మెడదాకా తెల్లగా పూసుకొచ్చావు కదా, ఆ వాసన నన్ను తీసుకుపోయి రామసముద్రంలో మా పుట్టింటి పట్టుపురుగుల కొట్టం ముందర దించింది.

అందులో వెదురు తట్టల నిండా పురుగులు మల్బరీ ఆకు తింటుంటే పెంకుల మీద సన్నవాన పడుతున్నట్టే చప్పుడు. ఉగాదికి ఓళిగలు, అవే బొబ్బట్లు, కాల్చినా, చింతపండు పులుసుకు తిరగమోత పెట్టినా మా అమ్మ పొయ్యి దూరంగా పెరటి చివర పెట్టుకునేది. పూలు, పౌడర్లతో కొట్టంలోకి ఎవరూ పోకూడదు. ఘాటు తగిలితే పురుగు మేత మానేస్తుంది, మేత మానితే గూడు కట్టదు. నేను బడికి పోయే రోజుల్లో ఒక ఏడు వానల్లేక శనక్కాయ ఎండిపోయింది, బావి కింది ఆకుతో బతికే ఆ పురుగులే మా ఇంటి పంట.

ఆ ఉగాదికే బడిలో నాటకం. నేను దేవకన్యను, మా మేనత్త కొడుకు మునెప్ప భూతం. గోలీలాటలో తొండి చేసే వాడంటే నాకు ఒళ్లుమంట. పుంగనూరు సంతలో కొన్న రంగుకాగితాల రెక్కలు కట్టుకుని, మొహం నిండా పౌడర్ కొట్టుకుని, మా అవ్వకు చూపించాలనే సంబరంలో తిన్నగా కొట్టంలోకి దూరాను.

"బయటికి పోమే! పురుగుల్ని సంపుతావా ఏంది?" అని అవ్వ అరిచింది.

తట్టల్లో ఆ వాన చప్పుడు ఆగిపోయింది.

ఏడుస్తూ గడప దాటానో లేదో, మునెప్ప కుండెడు నీళ్లు నా నెత్తిన కుమ్మరించాడు. రెక్కలు నాని ముద్దై కాళ్ల మీద పడ్డాయి.

"యాల పోస్తివిరా?"

"వాసన పోవద్దా? నీ సోకు ముఖ్యమా, మామ పంట ముఖ్యమా?" అన్నవాడే, నేను వణుకుతుంటే తన భూతం వేషం నల్లకంబళి తీసి ఇచ్చాడు. "కప్పుకోమే. నా మొగం సాల్లే భూతానికి."

అట్లా ఆ సాయంత్రం దేవకన్య కంబళిలో, భూతం బనియన్లో స్టేజీ ఎక్కాం. నోట్లో పాట, ప్రాణమంతా కొట్టంలో. రాజకుమారుడికి వేయాల్సిన దండ తీసుకుపోయి మునెప్ప మెడలో వేసేశాను.

"భూతాన్నే కట్టుకుంటాండాది సూడప్పా!" అని ఊరంతా ఒకటే నవ్వు.

నాటకం కాగానే ఇద్దరం పరిగెత్తుకొచ్చి కొట్టం తలుపుకు చెరో పక్క చెవి ఆనించాం. మొదట ఏమీ లేదు. తర్వాత ఒక చినుకు, ఇంకో చినుకు, ఆపైన సన్నవాన!

"తింటాండాయిలే. మీరూ రాండి, ఓళిగలు తిందురు," అని లోపల్నుంచి అవ్వ.

ఇప్పుడు ఆ కొట్టంలో టమోటా పెట్టెలు పెట్టుకుంటున్నారు. తట్టల్లేవు, ఆ వాన చప్పుడూ లేదు. మిగిలింది ఆ భూతమొక్కటే. అదిగో, మీ తాత లోపలికొచ్చి, ముక్కు ఎగబీల్చి, కిటికీలన్నీ తెరుస్తున్నాడు. "ఎవురమ్మే ఈడ పౌడర్ పూసుకుండేది?" అంటున్నాడు.

రాసింది చాల్లే తల్లీ. ముందు ఆ నీళ్ల చెంబు తీసి దాచిపెట్టు.