అత్త ఫోటో కింద రెండు వందల గ్రాములు

తూనికల అధికారి వచ్చాడని జార్జి టౌన్ కొట్టు నుంచి ఫోను రాగానే చేతిలో పని అక్కడే వదిలేశాను. ఆ కొట్టుకు మేము వేసే సరుకు ఒక్కటే, రాయపురంలో మా మిద్దె మీద నేనూ మా అత్తా చేసే మినప అప్పడాలు. కవరు మీద అత్త ఫోటో ఉంటుంది, దాని కింద నికర బరువు రెండు వందల గ్రాములని. ఫోటో వేయించాలన్నది నా ఆలోచనే. "తూకం తగ్గిందంటే మీ సరుకు ఇంక పెట్టలేనమ్మా" అన్నాడు కొట్టు యజమాని.

మేము పోయేసరికి అధికారి మా కవర్లు కత్తిరించి, ఖాళీ కవరు పక్కన పడేసి, ఒట్టి అప్పడాలనే తూకం మిషను మీద పెడుతున్నాడు. మొదటిది తక్కువ. రెండోదీ తక్కువే. బేరానికి వచ్చినవాళ్లు తమ పని మానేసి, కవరు మీది ఫోటోనూ ఎదురుగా నిలబడ్డ అత్తనూ మార్చి మార్చి చూస్తున్నారు. నాకు ఒళ్లు మండింది. వీళ్లకు వేరే పని లేదా?

"ఇంట్లో సరిగ్గానే తూచినాము సార్" అన్నాను. అబద్ధం కాదు. కాకపోతే పూర్తిగా ఎండితే విరిగిపోతాయని, కాస్త తడి ఉండగానే తీసి తూచడం అత్త అలవాటు. కవరు మూతికి పిన్ను కొట్టడమే తప్ప గాలి చొరకుండా అతికించింది లేదు. పైన రోజంతా తిరిగే ఫ్యాను. ఆ తడి కొట్టులో ఆరిపోయింది, దాంతోపాటే బరువూ. బాగా ఎండనిద్దామని నేను అంటే "నిన్న వచ్చినదానివి, నీకేం తెలుసు" అని కొట్టిపారేసేది.

అధికారి ఒక్కో అంకె రాసుకున్నాడు. చివరికి కళ్లజోడు తీసి, మా యాసలోనే అన్నాడు: "తక్కువే. కానీ ఇంతమాత్రం తగ్గితే రూలు ఒప్పుకుంటాదమ్మా. కేసు లేదు. ఇకమీద జాగ్రత్త."

ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పోదాం పదత్తా అని కొంగు పట్టి లాగాను. ఆమె కదల్లేదు.

"ఇంత తగ్గినా పరవాలేదని కవరు మీద రాస్తారా సార్?"

"రాయరమ్మా."

"అయితే కొనే ఆమెకు ఎట్ల తెలుస్తాది? ఆమె నా మొగం చూసి కదా తీసుకొనేది."

"ఆయనే వదిలేసినాడు, ఊరకుండత్తా" అని నేను ఆమె చెవిలో కసిరాను.

అత్త అరలో మిగిలిన మా కవర్లన్నీ సంచిలో వేసుకుంది. "ఈడ పెట్టొద్దు. బాగా ఎండబెట్టి, మళ్లా తూచి తెస్తాను" అని యజమానితో చెప్పింది. ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నది అదే. గెలిచానని సంతోషపడాల్సింది, ఏడుపొచ్చింది.

బస్సులో సంచి నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని, పైనున్న కవరును ఫోటో కనబడకుండా బోర్లా తిప్పింది.