గుజ్జు యంత్రంలో గని సంకేతం

ఎనభైల చివర్లో కోరమండల్ బంగారు గనిలో పని మానుకుని, ముళబాగిలు దగ్గర మామిడి గుజ్జు తీసే ఒక చిన్న ఫ్యాక్టరీలో మెయింటెనెన్సు ఫిట్టరుగా చేరాను. గనిలో మనుషుల్ని కిందికి దించే బోను ఇంజను నడిపిన వెంకటప్పన్న అక్కడ నాకంటే ముందే ఆపరేటరు. యంత్రాల గురించి నాకు తెలిసిందంతా గని లైబ్రరీలో, నిఘంటువు పక్కన పెట్టుకుని చదువుకున్నదే. ఆ సంగతి గర్వంగానే చెబుతాను.

పల్పర్ అంటే లోపల జల్లెడ అమర్చిన ఉక్కు పీపా. ఇరుసుకు బిగించిన రెక్కలు తిరుగుతూ పండును జల్లెడకేసి రుద్దుతాయి. గుజ్జు కిందికి జారుతుంది, టెంకలు చివరినుంచి బయటపడతాయి. ఆ రోజు ఒక టెంక రెక్కకూ జల్లెడకూ మధ్య ఇరుక్కుంది. అక్కడి పద్ధతి ప్రకారం స్విచ్చి బాధ్యత ఆపరేటరుదే. వెంకటప్పన్న యంత్రం ఆపి, గోడ అవతల స్విచ్చి దగ్గరే నిలబడ్డాడు. నేను మూత తీసి ఎడమచెయ్యి మోచేతిదాకా లోపలికి పోనిచ్చాను. టెంక కదలలేదు. దాన్ని వదులు చేద్దామని స్పానరుతో పీపా మీద రెండు దెబ్బలు కొట్టాను.

గోడ అవతల ఇనుప గొట్టం మీద రెండు దెబ్బలు మోగాయి.

గనిలో బోను కదలాలంటే కిందివాళ్ళు గంట కొడతారు. ఇంజను మనిషి అన్నే గంటలు తిరిగి కొట్టి, ఆ తర్వాతే ఇంజను నడుపుతాడు. అంటే వెంకటప్పన్న చెయ్యి ఇప్పుడు స్విచ్చి మీద ఉంది. అరిచే వ్యవధి లేదు. చెయ్యి లాగితే చొక్కా లోపలి రెక్కకు తగులుకుంది. మోటారు మూలిగింది. చొక్కా చిరిగి చెయ్యి బయటికొచ్చింది గానీ చూపుడువేలి కొన లోపలే ఉండిపోయింది.

"నువ్వు కొట్టినావు, నేను తిరిగి కొట్టినాను గదప్పా! ఇంగ నేనేం జేసేది?" అని వెంకటప్పన్న తల బాదుకున్నాడు.

"టెంకను కొట్టినానన్నా, నిన్ను పిలవలే" అన్నాను.

కట్టు కట్టిన కాంపౌండరు, "ఈ తూరి మీ డబ్బా గుజ్జు నాకొద్దప్పా" అన్నాడు. ఆ పూట తీసిన గుజ్జంతా పారబోశారు.

వేలు మానాక కూడా చాలాకాలం, ఇంట్లో ఆగి ఉన్న గ్రైండరులోంచి పిండి తీయాలన్నా నా భార్యనే పిలిచేవాణ్ణి. మళ్ళీ పనికి వెళ్ళగానే మేనేజరుతో మాట్లాడి ఒక నియమం పెట్టించాను. యంత్రంలో చెయ్యి పెట్టేవాడే ఫ్యూజు ఊడదీసి తన జేబులో వేసుకోవాలి. "నా మీద నమ్మకం లేదా?" అని వెంకటప్పన్న చిన్నబుచ్చుకున్నాడు. నమ్మకం ఉంది. కానీ ఆపిన స్విచ్చిని ఎవరైనా వేయగలరు. నా జేబులో ఉన్న ఫ్యూజును నేను తప్ప ఎవరూ పెట్టలేరు.