ఫొటోలో తీసేసిన మచ్చ

నా ముఖం నాకు తెలుసని ఇరవై నాలుగేళ్ల పాటు అనుకున్నాను. తెలియదని పెద్దాపురంలో ఒక ఫొటో స్టూడియోలో కూర్చున్నప్పుడు అర్థమైంది.

అప్పుడు నేను కాకినాడలో హౌస్ సర్జన్‌ని. పిల్లల వైద్యంలో రెసిడెన్సీ అనే పై శిక్షణ కోసం అమెరికా ఆసుపత్రులకు దరఖాస్తు పెడుతున్నాను. అదంతా ఇంటర్నెట్‌లోనే. మార్కుల కాగితాలు, ప్రొఫెసర్ల ఉత్తరాలు, ఈ వైద్యమే ఎందుకు ఎంచుకున్నానో చెప్పే వ్యాసం, అన్నీ అయిపోయాయి. ఇక మిగిలింది ఫొటో ఒక్కటే. వెనక తెల్లగా ఉండాలి, ముఖం స్పష్టంగా కనిపించాలి, ఫైలు వంద కేబీ దాటకూడదు. మా హాస్టల్ పక్కన నెట్ సెంటరాయన నా పాస్‌పోర్టు ఫొటోని స్కాన్ చేసి కుదించి ఇస్తే, ముఖమంతా గళ్లు పడి, గళ్ల లుంగీ ఆరేసినట్టు వచ్చింది.

"నా శిష్యుడొకడు ఇక్కడ డిజిటల్ కెమెరా పెట్టాడమ్మా. ఆదివారానికి వచ్చెయ్యి, చక్కగా తీస్తాడు" అన్నారు నాన్నగారు ఫోన్లో.

నాన్నగారు సైన్సు మేష్టారు. పెద్దాపురం చుట్టుపక్కల ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు లేని వీధి లేదు. దిష్టి తీస్తానంటే సొంత తల్లిని కూడా "ఆధారం ఏంటమ్మా?" అని అడిగే మనిషి. గ్రహణం రోజున నన్ను డాబా మీద కూర్చోబెట్టి, వీధిలో అందరూ చూస్తుండగా పకోడీలు తినిపించేవారు. నేను డాక్టరునయ్యానంటే ఆ పకోడీల పుణ్యమే అని స్నేహితురాళ్లతో గొప్పగా చెప్పుకునేదాన్ని.

శనివారం సాయంత్రం ఇంటికి చేరి, వ్యాసం చదివి వినిపించాను. ఇంగ్లీషులో చదువుతూ అమ్మ కోసం తెలుగులో చెప్పాను. అందులో అసలు సంగతి వాతలు. మా వార్డుకి జ్వరంతో, ఫిట్స్‌తో వచ్చే పసిపిల్లల్లో కొందరికి పొట్ట మీదో నుదుటి మీదో కాల్చిన గుర్తులుండేవి. పసుపుకొమ్ము కాల్చి అంటిస్తే జబ్బు పోతుందని ఊళ్లలో ఒక నమ్మకం. అడిగితే ఆ తల్లులు "పుట్టుమచ్చండి డాక్టరమ్మా" అనేవారు. నేను ఊరుకునేదాన్ని కాదు. నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. కన్నతల్లివేనా అని ఒకామెను అడిగాను కూడా. ఈ మూఢత్వాన్ని పోగొట్టడానికే పిల్లల డాక్టర్ని అవుతానని, ప్రతిదానికీ ఆధారం అడగడం మా నాన్నగారే నేర్పారని అందులో రాశాను.

సగంలోనే అమ్మ, పప్పు మాడుతోందంటూ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నాన్నగారు కళ్లజోడు తీసి తుడుచుకుని "బాగుంది" అన్నారు. తన గురించి రాసినందుకు ఆయన కళ్లు చెమర్చాయని నేను మురిసిపోయాను. నా బుద్ధి అంత చురుకైనది మరి.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్లాను. స్టూడియో ఆయన మర్యాదస్తుడు. సంబంధాలకు పంపే ఫొటోలు తీసీ తీసీ, ఏ ఆడపిల్ల వచ్చినా ఒకే ప్రశ్న అడగడం ఆయనకు అలవాటైపోయింది.

"తెల్లగా చేసెయ్యమంటారా అండి?"

"వద్దండీ. ఇది పెళ్లిచూపులకి కాదు. ఉన్నది ఉన్నట్టుండాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నారు కానీ, తన పనితనం చూపించుకోనివ్వలేదని కాస్త చిన్నబుచ్చుకున్నారు. పన్నెండింటికి వస్తే సీడీలో వేసి ఇస్తానన్నారు.

పన్నెండింటికి వెళ్లేసరికి తెర మీద నా ముఖం ఉంది. వెనక తెల్లగా ఉంది, ఫైలు తొంభై కేబీలే. అంతా సవ్యంగానే ఉంది కానీ ఎవరో మా చుట్టాలమ్మాయిని చూస్తున్నట్టుంది. ఎందుకో కాసేపటికి గానీ తెలియలేదు. కుడి కణత మీద, కనుబొమ్మ చివర, శనగగింజంత మచ్చ ఉండాలి. అక్కడ నున్నటి చర్మం ఉంది.

"నా పుట్టుమచ్చ ఏదండీ?"

ఆయన కంగారుపడ్డారు. "మేష్టారు తీసెయ్యమన్నారు కదండి. ఇందాక మీరటు వెళ్లగానే ఫోన్ చేశారు."

"పుట్టుమచ్చ తీసెయ్యడమేంటండీ? పదో తరగతి సర్టిఫికెట్‌లో నా గుర్తు అదే. ఆయనే స్వయంగా రాశారు."

"పుట్టుమచ్చ అనలేదండి మరి." ఆయన మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశారు. "చిన్నప్పుడు పెట్టిన వాత, ఫొటోలో కనపడితే అమెరికా డాక్టర్లు పోల్చేస్తారు అన్నారండి. మీకు తెలిసే ఉంటుందనుకున్నాను."

అసలు ఫొటో తెరవమన్నాను. కణత దగ్గర పెద్దది చేయమన్నాను. తెర నిండా ఆ చోటు ఒక్కటే కనిపించేదాకా ఆయన పెంచుకుంటూ పోయారు. పాలిపోయి మెరిసే చర్మం, అంచుల్లో సన్నటి ముడతలు, పసుపుకొమ్ము కొనంత గుండ్రం. వార్డులో ఏ బిడ్డకైనా ఇదే ఉంటే నాలుగడుగుల దూరం నుంచే చెప్పేసేదాన్ని. ఆ తల్లుల అబద్ధం నా దగ్గర నిమిషం కూడా నిలిచేది కాదు. మా ఇంటి అబద్ధం ఇరవై నాలుగేళ్లు నిలిచింది. చెప్పింది నాన్నగారు కదా, ఆయన మాటకు ఆధారం అడగాలని నాకు ఏనాడూ తోచలేదు.

రెండు ఫొటోలూ సీడీలో వేయించుకుని ఇంటికి వచ్చాను. నాన్నగారు పేపరు చదువుతున్నారు. అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"నాకు వాత ఎవరు పెట్టించారు?" అని అమ్మనే అడిగాను. ఇలాంటి పని అమ్మే చేయించి ఉంటుందని నాకు ఏ కోశానా అనుమానం లేదు. వార్డులో కూడా నేను తిట్టింది తల్లుల్నే.

అమ్మ చేట కింద పెట్టింది. "నేను కాదే. నీకు ఏడాదైనా నిండలేదు. జ్వరమొచ్చి కళ్లు తేలేశావు. కాకినాడ ఆసుపత్రికి తీసుకుపోదామండీ అని కాళ్లావేళ్లా పడ్డాను. వాతలు పెట్టే ముసలాయన వచ్చి నిప్పుల మీద కొమ్ము కాలుస్తుంటే చూడలేక దొడ్లోకి పారిపోయాను. నీ తల కదలకుండా పట్టుకుంది మీ నాన్నగారే."

నాన్నగారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "వానలమ్మా. బస్సుల్లేవు. మా అమ్మ పోరు పెట్టింది. భయమేసింది" అన్నారు. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "ఆ తర్వాత మళ్లీ నీకు ఫిట్స్ రాలేదు" అన్నారు.

వాత సంగతి తెలిసినప్పుడు కూడా రానంత కోపం ఆ మాటకు వచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని ఎనిమిదో తరగతిలో బోర్డు మీద రాసి నాకు నేర్పింది ఈయనే. భయపడిన తండ్రిని క్షమించగలను. కానీ వార్డులో ఎవర్ని ఏమని తిట్టానో అన్నం తింటూ నేను చెబుతుంటే, "మూర్ఖులమ్మా, ఏం చేస్తాం" అంటూ పెరుగు కలుపుకున్న మనిషిని ఎలా క్షమించను? పక్కన అమ్మ తలొంచుకుని తినేది. ఆమెకు చదువు లేక ఆ మాటలు పట్టవనుకునేదాన్ని. నన్ను మోసం చేశారు అన్నాను. మెల్లగా అనలేదు, వీధిలోకి వినపడేలా అన్నాను. ఆయన వినపడనీ అన్నట్టు కూర్చున్నారు.

చివరికి "ఏ ఫొటో పంపుతావు?" అన్నారు.

"ఉన్నదే పంపుతాను."

"ఎవరైనా అడిగితే పుట్టుమచ్చ అని చెప్పు తల్లీ. నా పరువు కోసం కాదు, నీ మంచికే చెబుతున్నాను."

మధ్యాహ్నం బస్సెక్కేశాను. కాకినాడలో దిగి తిన్నగా నెట్ సెంటర్‌కి వెళ్లి, మచ్చ ఉన్న ఫొటోనే ఎక్కించాను. రెండుసార్లు మధ్యలో ఆగిపోయి మూడోసారికి వెళ్లింది. వ్యాసంలో నాన్నగారి గురించి రాసిన వాక్యం కూడా కొట్టేశాను. కసి తీరినట్టనిపించింది.

ఆ చలికాలం అమెరికాలో ఒక ఆసుపత్రిలో నన్ను ఇంటర్వ్యూ చేసింది ఒక పెద్దావిడ. పడుచుతనంలో మన దేశంలో, పల్లెటూళ్లలో కొన్నేళ్లు పనిచేశారట. ఆవిడ బల్ల మీద నా వ్యాసం, దాని పైన నా ఫొటో. వాతల గురించి చాలా ఓపిగ్గా అడిగారు. ఆ తల్లిదండ్రులకు ఎంత భయమేసి ఉంటుందో కదా అన్నారు. నేను తిట్టిన తిట్లు గుర్తొచ్చి తల దించుకున్నాను. అప్పుడావిడ తన కణత మీద వేలు ఆనించుకుని, నొప్పించని గొంతుతో, "మీక్కూడానా?" అన్నారు.

ఆవిడకు తెలుసు. నోరు విప్పి చెప్పుకునే వీలు నాకు ఇద్దామనే అడిగారు. నేను ఆ ఫొటో పంపింది కూడా ఎవరైనా అడగాలనే.

"లేదండీ, పుట్టుమచ్చ" అని తడుముకోకుండా చెప్పాను.