నీళ్లను తొక్కిన పాదాలు

రాజోలిలో ఆ ముసలి నేతగాడు ఎక్కడ కూర్చున్నా పాదాలు ఊరుకునేవి కావు. అరుగు మీదైనా, టీకొట్టు బల్ల మీదైనా, మగ్గం తొక్కుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి కిందికి నొక్కుతూనే ఉండేవి.

తుంగభద్ర వరద ఊరిని ముంచిన నెలకు నేను సర్వే కాగితాలతో వెళ్లాను. ఎన్నో దేశాల్లో అడుగుతున్న ప్రశ్నలే అవని ఆయనకు చెప్పాను. ఆయన కాళ్లు దించి నేసే తన మగ్గం గుంటలో నీళ్లు తోడుతున్నాడు. పొద్దున తోడితే సాయంత్రానికి మళ్లీ ఊరుతున్నాయట.

"మళ్లీ కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుంది?" అని చదివాను.

ఆయన గుంట అంచున కూర్చున్నాడు. పాదాలు ఆ నీళ్లనే తొక్కుతున్నాయి.

"గుంట ఎండాలె గద సారు. వేరే దేశాలల్ల గిట్ల నీళ్లూరితే ఏం చేస్తుండ్రు? జర చెప్పు, నేను గూడ గట్లనే చేస్త."

కాగితాలన్నీ తిరగేశాను. అడగడానికే తప్ప చెప్పడానికి వాటిలో ఏమీ లేదు. 'ఆరు నెలలు' అని నేనే రాసుకున్నాను.

ఆరు నెలలకు మళ్లీ వెళ్తే, గుంట మట్టితో పూడ్చి పేడతో అలికి ఉంది. మగ్గం కట్టెలు పొయ్యి పక్కన పేర్చి ఉన్నాయి. ఆయన రోడ్డు పనికి పోతున్నాడట.

"ఇంక నీళ్లూరవు సారు, రాసుకో," అన్నాడు అరుగు మీద కూర్చుంటూ.

ఆయన పాదాల వైపు చూశాను. కదలడం లేదు.