వీరమ్మ లేని వార్డు

ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం నేర్పే ట్రైనింగుకు నర్సు వీరమ్మకు సీటు వచ్చింది. చేరాల్సింది మాత్రం పత్తికి పురుగుమందు కొట్టే కాలంలోనే. ఆమె పనిచేసే మిషను ఆసుపత్రికి ఒక్కడే డాక్టరు. నడుములో మత్తుసూది పొడిచేదీ ఆయనే, కత్తి పట్టేదీ ఆయనే. మత్తు చూసుకునే నర్సు ఉంటే ఎందరు తల్లులు బతుకుతారో వీరమ్మకు తెలుసు. మేట్రను సంతోషకుమారి తనను వదలదనీ తెలుసు.

మిరపకోత కూలీల ఇంట్లో పుట్టిన మనిషి సంతోషకుమారి. పురుగు పట్టి పత్తాకు ముడుచుకుందని వింటే చాలు, నర్సుల సెలవులన్నీ ఆపేసేది. చేలు ఆసాములవి, నురగ కక్కే నోళ్ళు కూలీలవి. వాళ్ళు వచ్చేసరికి వార్డులో మనుషులుండాలి.

పోయిన పత్తికాలం నుంచి మేట్రను, పురుగుమందు కేసు వచ్చినప్పుడల్లా కొత్త నర్సు జైతున్‌బీని వీరమ్మ పక్కన నిలబెడుతోంది.

"నాకు కాపలానా అమ్మా?" అని ఒకసారి వీరమ్మ అడిగేసింది.

"ముందు నాడి చూడవే, తర్వాత అలుగుదువుగాని," అంది మేట్రను.

ఆ మధ్యాహ్నం, మందు కొడుతూ చేలో పడిపోయిన ఆదెయ్య అనే కూలీని బండిలో వేసుకొచ్చారు. డాక్టరు కాన్పు ఆపరేషన్లో ఉన్నాడు. వీరమ్మ పరుగెత్తింది. వార్డు గుమ్మంలో మేట్రను చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు ఊళ్ళో లేవు."

"అమ్మా, మనిషి పోతున్నాడు!"

"లేవన్నానా? నేనున్నాగా. చూస్తా ఉండు."

జైతున్‌బీ అతని బట్టలు కత్తిరించింది, ఒళ్ళు కడిగించింది, నరానికి విరుగుడు ఎట్రోపిన్ ఎక్కించింది. ఛాతీ విని మళ్ళీ ఎక్కించింది. గురక తగ్గడం లేదు. మందు కొట్టేటప్పుడు తలకు చుట్టుకున్న తువ్వాలునే, వెంట వచ్చిన పెళ్ళాం మడిచి అతని తలకింద పెట్టింది. వీరమ్మ అది చూసి అరవబోయింది. మేట్రను ఆమె మణికట్టు పట్టుకుంది.

జైతున్‌బీ ముక్కు చిట్లించింది.

"ఏందక్కా ఇది? విషాన్ని దిండు చేశావా తల్లీ! సబ్బు తే, నీళ్ళు తే!"

తువ్వాలు లాగి పారేసి, జుట్టంతా కడిగించి, మళ్ళీ సూది పట్టింది. చాలాసేపటికి ఛాతీలో బుడబుడలు ఆగాయి. ఆదెయ్య కళ్ళు తెరవలేదు గానీ, ఊపిరి తిన్నగా ఆడసాగింది.

వీరమ్మ మేట్రను వంక చూసింది. తను ట్రైనింగుకు ఇంకా దరఖాస్తయినా పెట్టకముందే ఈ మనిషి తను లేని వార్డును కళ్ళముందు పెట్టుకుంది! దాన్ని నిలబెట్టడానికి తన అలకంతా భరించింది. గుళ్ళో మోకరించినప్పుడు కూడా వీరమ్మ ఒళ్ళు అలా జలదరించలేదు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావే? పో, పెట్టె సర్దుకో," అంది సంతోషకుమారి. "నువ్వు తిరిగొచ్చేసరికి ఈ పిల్లకూ ఓ సీటు చూడాలి. దీని బదులు ఎవరిని తయారుచేయాలో ఏమో."

వీరమ్మ వెళ్ళి ముందు ఆదెయ్య నాడి చూసింది.