ఒకటి లేని మిషన్

మా టైపు సార్ పోయారని మూడు నెలల కింద ఒక మంగళవారం మక్తల్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఖాలా, అంటే సార్ భార్య. "అంబటాళ్లకు పోయిండు బిడ్డా. చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే" అంది. పొద్దెక్కి అంబలి తాగే వేళను మా వైపు అంబటాళ్ల అంటారు. అంత దుఃఖంలోనూ ఆవిడ నోట ఆ మాటే వచ్చిందని ఫోన్ పెట్టేశాక తట్టింది. ఆఫీసులో అందరి ముందూ ఏడ్చాను.

నేను ఎనభై ఆరులో పదో తరగతి పాసై ఆయన దగ్గర చేరాను. బస్టాండు వెనక రేకుల షెడ్డు, అందులో ఆరు మిషన్లు. నాది కిటికీ పక్కన మూడో నంబరు. మొదటి వారమంతా ఒకటే వరస అక్షరాలు కొట్టించారు. అంకెల దగ్గరికి వచ్చాక నాకో చిక్కొచ్చి పడింది. రెండు నుంచి తొమ్మిది దాకా అన్నీ ఉన్నాయి, ఒకటి లేదు. మిషన్ పాడైందనుకుని సార్‌ను పిలిచాను.

"సార్, దీంట్ల ఒకటి లేదు."

"ఏ మిషన్ల లేదు. చిన్న ఎల్ కొట్టు, గదే ఒకటి."

"గట్లెట్ల సార్?"

"కాయితం మీద సూడు. తేడా ఉన్నదా? లేనిదానికి ఏడ్వొద్దు బిడ్డా. ఉన్నదాంతోని ఎల్లదీయాలె."

ఆ పాత మిషన్లు తయారుచేసినవాళ్లకు ఒక మీట ఆదా అయింది, అంతే సంగతి. నా కుడిచేతి ఉంగరపు వేలికి మాత్రం ఆ రోజు నుంచి ఒకటంటే ఎల్.

చూసి కొట్టేవాళ్లంటే ఆయనకు గిట్టదు. ఖాలా పాత ఓణీ చింపి కుట్టిన గుడ్డలు ఆరు ఉండేవి. వాటిని మా చేతుల మీద కప్పి, తను కళ్లు మూసుకుని గుమ్మం దగ్గర కూర్చునేవారు. చప్పుడును బట్టే తప్పు చెప్పేవారు. "మూడో నంబర్, నీ ఎడమ చిటికెనేలు పండుకున్నది, లేపు." నాకసలే ముక్కు మీద కోపం. ఒకరోజు ఆ గుడ్డ తీసి విసిరికొట్టాను. ఆయన దాన్ని దులిపి మళ్లీ నా చేతుల మీద పరిచారు. "కండ్లను నమ్ముకుంటే ఆలస్యమైతది. చేతేళ్లకు తెలివుంటది, సోయుంటది, వాటిని నమ్ము" అన్నారు. నేను పరీక్ష గట్టెక్కి, మహబూబ్‌నగర్‌లో టైపిస్టునై ఇవాళ అన్నం తింటున్నానంటే ఆ గుడ్డ చలవే.

సార్‌కు ఇంకో పిచ్చి ఉండేది. ఒకసారి గొర్రెల మందలున్న ఒక అవ్వ అర్జీ కొట్టించుకోవడానికి వచ్చి, "రేపు అంబటాళ్లకు వస్త, తయారుజేసి పెట్టు" అని పోయిందట. ఈయన ఉర్దూ ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, ఆ మాట అప్పటిదాకా వినలేదు. మర్నాడు అవ్వను కూర్చోబెట్టి అడిగి, పిల్లలు పాడుచేసిన కాగితం ముక్క వెనక రాసుకున్నారు. అది ఒకటో చిట్టీ. అక్కణ్నుంచి పద్నాలుగేళ్లు, అర్జీలకు వచ్చిన ప్రతివాళ్ల దగ్గరా మాటలు పోగుచేశారు. చిట్టీలన్నీ డాల్డా డబ్బాల్లో ఉండేవి. నేను కూడా మా నాయినమ్మ మాటలు ఓ నలభై ఇచ్చాను.

తొంభైల చివరికి కంప్యూటర్లు వచ్చి టైపు నేర్చుకునేవాళ్లు పలచబడ్డారు. సార్ అలగలేదు. హైదరాబాద్ వెళ్లి ఒక పాత కంప్యూటర్, దానికి బయటి నుంచి తగిలించే ఇటుకంత హార్డ్ డిస్కు పట్టుకొచ్చారు. ఆ డిస్కుకు మొదటిరోజే తన చేత్తో తాళం మాట పెట్టుకున్నారు. ఆ తర్వాత కంప్యూటరే దాన్ని గుర్తుపెట్టుకుని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఏడాది కూర్చుని చిట్టీలన్నీ అందులో ఎక్కించారు. ఎక్కాయి కదా, ఇంకా ఈ చెత్తెందుకని డబ్బాలకు డబ్బాలు మిర్చీ బజ్జీల బండికి ఇచ్చేశారు! ఆ నెల మక్తల్‌లో మిర్చీ తిన్నవాళ్లంతా ఆ మాటలతోనే చేతులు తుడుచుకున్నారు. ఇప్పుడు చెబుతుంటే నవ్వొస్తోంది గానీ, అప్పుడు నవ్వే రోజులు కావు.

ఎందుకంటే ఆ వానాకాలమే పిడుగుపాటుకు కరెంటు ఎగదన్ని కంప్యూటర్ కాలిపోయింది. డిస్కు బాగానే ఉంది. దాన్ని సంచిలో పెట్టుకుని సార్ మహబూబ్‌నగర్ వచ్చారు. నేనే కంప్యూటర్ షాపుకు తోడు వెళ్లాను. షాపాయన తన కంప్యూటర్‌కు తగిలించగానే డిస్కు తాళం మాట అడిగింది. సార్ చెయ్యి చాచబోయారు.

"మీరు కూసోండ్రి సార్. మీరు చెప్పుండ్రి, నేను కొడ్త. కీబోర్డు కొత్తది" అన్నాడు షాపాయన.

మూడు తాలూకాల గుమాస్తాలకు వేళ్లు ఎక్కడ పెట్టాలో నేర్పిన మనిషి చేతులు కట్టుకుని కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. సార్ మాత్రం నవ్వి, మెల్లగా చెప్పారు. "ఊరి పేరు. దానెంబడి ఇన్‌స్టిట్యూట్ పెట్టిన సాలు. ఒకటి, తొమ్మిది, ఎనిమిది, ఒకటి." తప్పు. ఊరి పేరు పెద్దక్షరాల్లో కొట్టాడు. తప్పు. మధ్యలో జాగా వదిలి కొట్టాడు. అదీ తప్పే.

"ఇంక ఒక్కసారే ఉన్నది సార్. అది గిట్ల తప్పైతే మొత్తం తుడిచి కొత్తగ పెట్టుకోవాలె. ఇంటికి పోయి యాది చేసుకోండ్రి."

నేను బస్సెక్కించేటప్పుడు సార్ నా మొహం చూడలేదు. "నేను వేరే ఏదో పెట్టిన బిడ్డా. ఏం పెట్టిన్నో యాదికొస్తలేదు. నా యాదే పోయింది" అన్నారు.

మాటలు పోయిన బాధకంటే ఇది ఎక్కువై కూర్చుంది. పాఠాలు చెప్పడం మానేశారు. రెండు నెలల తర్వాత నేను వెళ్తే ఖాలా నన్ను వంటింట్లోకి పిలిచి చెప్పింది. "నమాజు చదువుకుంట నడుమ ఆగిపోతుండు బిడ్డా. తప్పు చదివిన్నేమో అని మల్ల మొదటినుంచి పట్టుకుంటుండు. ఒక్క పూటకు మూడుసార్లు."

ఆ రోజే పాత విద్యార్థి ఒకాయన సర్టిఫికెట్ కోసం వచ్చాడు. ఖాలా పోరగా పోరగా సార్ మూడో నంబరు మిషన్ ముందు కూర్చున్నారు. కిటికీలోంచి బయటికి చూస్తూ తేదీ కొడుతున్నారు. నేను వెనక నిలబడి ఆ చేతులను చూస్తున్నాను. ఎన్నాళ్లకు చూశానో అని కళ్లు నిండాయి. అప్పుడు కనిపించింది, ఆ ఉంగరపు వేలు.

"సార్! ఒకటి ఏడ కొట్టిన్రు?"

"ఏడేంది? ఒకటి ఉన్న కాడ."

"దీంట్ల ఒకటి లేదు గద సార్!"

ఆయన చేతులు ఆగిపోయాయి. తన వేలిని పరాయి మనిషి వేలిలా చూసుకున్నారు. నోటితో ఒకటి అని చెప్పిన ప్రతిసారీ ఆయన నిజమే చెప్పారు. ఆ వేలు మాత్రం తాళం మాట పెట్టిన రోజు కూడా, కంప్యూటర్‌కు ఒకటి ఉన్నా, ఎల్ మీదే పడింది. ఈ సంగతి మా సార్‌కూ తెలియదు, ఆయన శిష్యురాలినై ఉండి నాకూ తట్టలేదు.

మర్నాడు మొదటి బస్సుకే వెళ్లాం. షాపాయన మళ్లీ తనే కొడతానన్నాడు. "మీరు లేవుండ్రి, సార్‌నే కొట్టనియ్యుండ్రి" అని నేను గట్టిగా అన్నాను. ఆయన లేచాడు. సార్ జేబులోంచి దస్తీ తీసి తన చేతుల మీద కప్పుకుని కళ్లు మూసుకున్నారు. పది పన్నెండు టకటకలు, అంతే. డిస్కు గుర్రుమంది, తెర నిండా మాటలు పడ్డాయి. నేను సార్ భుజం పట్టుకుని ఊపేశాను. ఆయన ఇంకా కళ్లు తెరవలేదు.

"నా యాది పోలే" అన్నారు. చేతుల మీది దస్తీ తీసి, "అవ్వ మాట ఉన్నదా సూడు" అన్నారు. ఉంది, అన్నిటికంటే పైన.

ఆ తర్వాత ఆయన ఏడాదికి పైగా బతికారు. పాఠాలు మళ్లీ మొదలుపెట్టారు. నమాజు మధ్యలో ఆగడం లేదని ఖాలా చెప్పింది. నాకు అదే పదివేలు.

ఇప్పుడు ఆ మాటలను పుస్తకంగా వేయించే పని నా మీద పడింది. అచ్చుకిచ్చే ముందు మాటల పక్కనున్న చిట్టీ నంబర్లన్నీ దిద్దాలి, ఎందుకంటే సార్ కొట్టిన ఒకట్లన్నీ ఎల్‌లే. రోజూ ఆఫీసు నుంచి వచ్చి కూర్చుని, పదకొండుకు రెండు, నూట పదకొండుకు మూడు చొప్పున విసుక్కుంటూ దిద్దుతున్నాను. విసుగొచ్చినప్పుడు ఆయన్ను తిడుతున్నాను కూడా. కింది నుంచి మొదలుపెట్టాను కాబట్టి అంబటాళ్ల దగ్గరికి ఆఖరున నిన్ననే వచ్చాను. దాని పక్కనున్న ఒకటి మీద నా వేలు ఆగిపోయింది. దాన్ని దిద్దలేదు. పుస్తకం వచ్చాక మీరే కాయితం మీద చూడండి, తేడా ఉన్నదా?